కాళ్ల ట్రిప్ షీటు

హనుమకొండ,
సెప్టెంబర్ 1

ప్రభువునందు మౌనిక డాడీ గారికి,

రూతు వందనాలు. నేను క్షేమంగా మౌనిక ఇంటికి చేరాను. మీరు క్షేమమా అని అడగడం లేదు. అది తేల్చుకోవడానికే ఈ ఉత్తరం.

ఫోన్ చేయకండి, ఎత్తను. ఫోన్లో మీరు అన్నిటికీ "ఆఁ ఆఁ" అంటారు. కాయితం మీద అట్లా అనడానికి వీలుండదు. ఉత్తరాలు మన కట్టయ్యకు ఇవ్వండి. మీ దగ్గర డ్రైవింగ్ నేర్చుకున్నవాడు, రోజూ పరకాల బస్సు ఇక్కడికి తెస్తాడు. మౌనిక దవాఖానలో ల్యాబు డ్యూటీకి పోతూ బస్టాండులో ఆగి తీసుకుంటుంది.

నేను ఇల్లు విడిచి ఎందుకు వచ్చానో మీకు తెలుసు. అయినా రికార్డు కోసం రాస్తున్నాను. ఈ సంవత్సరం చిరిగిన బెడ్‌షీట్లు నాలుగు. అన్నీ కాళ్ల వైపే చిరిగాయి. ఏ రాత్రి కళ్లు తెరిచినా మీరు పక్కన ఉండరు, వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తుంటారు. ఏమైందంటే "కాళ్లు నొస్తున్నయ్ రూతూ, నువ్వు పండుకో" అంటారు. అత్తమ్మ బతికున్నన్ని రోజులు మీ కాళ్ల కోసం చర్చిలో ప్రార్థన చేయించింది, ఏమీ కాలేదు. మొన్న పక్కింటి చిలుకమ్మ బోరింగు దగ్గర అందరి ముందు "మీ ఆయన రాత్రిపూట ఎవల కోసం తిరుగుతాండు వదినా?" అని అడిగింది. రిటైరై ఎనిమిదేళ్లయినా మీ కాళ్లు ఇంకా క్లచ్చు, బ్రేకు తొక్కుతూనే ఉన్నాయి. దీనివల్ల పొద్దున లేస్తే ఒళ్లంతా నలిపేసినట్టు ఉంటుంది నాకు. నలభై ఏళ్లు ఓర్చుకున్నాను. అరవై దాటాక ఇక నావల్ల కాదు.

దవాఖానలో స్వప్న అని డైటీషియన్ అమ్మాయి ఉంది. మీ సంగతంతా చెప్పాను. దీనికి పేరుందట, రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్. సాయంత్రమయ్యేసరికి కాళ్లలో ఏదో పాకినట్టు, గుంజినట్టు ఉండి, కదిలిస్తే గాని నెమ్మది ఉండదట. ఇదున్నవాళ్లలో చాలామందికి నిద్రలో కూడా కాళ్లు వాటంతట అవే తంతాయట. కొందరికి తిండిని బట్టి ఎక్కువవుతుంది, అందరికీ ఒకే లెక్క లేదు అంది. టీ, కాఫీల మీద ఒక అనుమానం ఉందట. ఒంటికి పడని వస్తువు ఒక్కొక్కరికి ఒక్కొక్కటి ఉండొచ్చట. "ఒక్కొక్కటి మాన్పించి వారం చూడండి ఆంటీ, మళ్లీ తినిపించి చూడండి. అంకుల్‌ను ఒకసారి తీసుకొస్తే రక్తపరీక్ష కూడా చేద్దాం" అంది. సూది పేరు చెబితే మీరు ములుగు దాకా ఆగకుండా పోతారు కాబట్టి ముందు తిండితో మొదలుపెడదాం.

మొదటి వారం టీ బంద్. రోజువారీగా కాళ్ల సంగతి రాసి పంపాలి.

అక్టోబర్ 11న మన పెళ్లి నలభై ఏళ్ల కృతజ్ఞత కూడిక. పాస్టర్ గారికి మాట ఇచ్చాం, చుట్టాలకు చెప్పాం. ఆలోపు మీ కాళ్లు కుదురుకుంటే వస్తాను. లేకపోతే టెంటు కింద ఆ రెండు కుర్చీల్లో మీరొక్కరే కూర్చోండి.

ఇట్లు,
రూతు, అంగన్‌వాడీ టీచర్ (రిటైర్డ్)

తా.క.: ఈ ఉత్తరం ఫ్రిజ్ మీద కాయితం పెట్టి నిలబడి రాశాను. సాయంత్రం పూట ఒకచోట కూర్చోవడం నాకు మొదటి నుంచీ అలవాటు లేదు. పనిమంతులకు అది కుదరదు.

•

పరకాల,
సెప్టెంబర్ 9

ప్రియమైన రూతుకు,

సుందర్ రావు వందనాలు. నీ ఉత్తరం చదివి, చదివినట్టు కింద సంతకం పెట్టి, బైబిల్లో దాచాను. నువ్వు కోరిన విధంగా వారం రోజుల ట్రిప్ షీటు సమర్పిస్తున్నాను.

సోమవారం టీ లేదు. కాళ్లు కదలలేదు. మంగళవారం టీ లేదు. కాళ్లు కదలలేదు. బుధ, గురు, శుక్ర, శని వారాలు పైన చెప్పినట్టే. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చిలో అందరికీ టీ ఇచ్చారు. నీ మాట గుర్తుకొచ్చి నా గ్లాసు పక్కాయనకు ఇచ్చేశాను. కాళ్లు కదలలేదు.

రాత్రి తొమ్మిదింటికి పడుకుంటే పొద్దున అయిదింటికి లేస్తున్నాను, మధ్యలో ఎక్కడా హాల్టు లేదు. బెడ్‌షీటు పరిచింది పరిచినట్టే ఉంది. దీన్నిబట్టి తప్పంతా టీదేనని తేలిపోయింది. ఇక జన్మలో ముట్టను. కేసు ముగిసింది కాబట్టి నువ్వు సంచి సర్దుకుని రేపటి బస్సుకు వచ్చెయ్యి. కట్టయ్యకు చెప్పి ముందు సీటు ఆపిస్తాను.

ఇక్కడ అంతా మామూలే. నల్ల పెట్ట గుడ్ల మీద కూర్చుంది. నువ్వు లేక ఇల్లు బోసిగా ఉందని రాద్దామనుకున్నాను గాని ట్రిప్ షీటులో ఆ కాలమ్ లేదు.

ఇట్లు,
నీ విధేయుడు,
సుందర్ రావు, డ్రైవర్ (రిటైర్డ్)

తా.క.: నీ కవరు సరిగా అంటలేదు. కట్టయ్య ఉత్తరం చేతికిస్తూ "సార్, కాళ్లు ఎట్లున్నయ్ మరి?" అన్నాడు.

•

హనుమకొండ,
సెప్టెంబర్ 13

ప్రభువునందు మౌనిక డాడీ గారికి,

వందనాలు. మీ ట్రిప్ షీటు అందింది. అదే రోజు చిలుకమ్మ ఫోన్ కూడా అందింది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "వదినా, అన్న బస్టాండు హోటల్ల పొద్దున రెండు చాయలు, మాపటికి రెండు చాయలు తాగుతాండు. ఉస్మానియా బిస్కెట్లు గూడ ముంచుకుంటాండు. మొన్న చర్చిల పక్కాయన గ్లాసు సుత గుంజుకొని తాగిండు."

నేను కోప్పడటం లేదు. కోపం వచ్చింది, కానీ స్వప్న ఆపింది. "ఆంటీ, టీ తాగినా కాళ్లు ఆగినయంటే టీ తప్పు లేనట్టే గదా" అంది. ఆలోచిస్తే నిజమే. మీరు టీ మానేసి ఉంటే ఈ సంగతి తేలడానికి ఇంకో వారం పట్టేది. కాబట్టి మీ అబద్ధం వల్ల ఒక వారం కలిసొచ్చింది. మళ్లీ ఇట్లా చేయకండి.

కూడికకు నెల కూడా లేదు. ఒక్కొక్కదానికి వారం అంటే కుదరదు. వంకాయ, ఎండు చేపలు, గోధుమ రొట్టె, పెరుగు, ఇవి నా అనుమానాలు. ఒక్కొక్కటి రెండు రోజులు మానండి, మూడో రోజు పొట్టనిండా తినండి, కాళ్లు ఎట్లున్నాయో రాయండి. ఈసారి నిజం రాయండి. చిలుకమ్మకు ప్రహరీ గోడ మరీ ఎత్తేమీ కాదు.

ఇట్లు,
రూతు

తా.క.: టీ మీద నాకు మొదటి నుంచీ అనుమానం లేదు. రెండు పూటలా అన్నం తిన్న వెంటనే పెద్ద గ్లాసు చిక్కటి టీ పడకపోతే నాకు తిన్నట్టే ఉండదు. నా కాళ్లకు ఏమైనా అయిందా? ఇది కూడా టీ తాగుతూనే రాస్తున్నాను.

ఇంకొక తా.క.: ఈసారి కవరుకు అన్నం మెతుకులు కాదు, ఫెవికాల్ పెట్టాను.

•

పరకాల,
సెప్టెంబర్ 24

ప్రియమైన రూతుకు,

వందనాలు. చార్జిషీటు అందింది, తప్పు ఒప్పుకుంటున్నాను. ముప్పై ఏళ్లు టీ తాగి బండి స్టార్ట్ చేసినవాణ్ణి, అది లేకుంటే నాకు గేరు పడదు. ఇదే నా ఎక్స్‌ప్లనేషన్.

ఇప్పుడు రాసేదంతా చర్చి మెట్ల మీద నిలబడి చెప్పినంత నిజం. వంకాయ రెండు రోజులు మానేశాను, కాళ్లు కదలలేదు. మూడో రోజు అరకిలో గుత్తి వంకాయ ఒక్కడినే తిన్నాను, కాళ్లు కదలలేదు. ఎండు చేపలు మానాను, తిన్నాను. కాళ్లు కదలలేదు గాని చిలుకమ్మ వాళ్ల పిల్లి మూడు రోజుల నుంచి మన ఇంట్లోనే ఉంటోంది. రొట్టె, పెరుగు రెండూ కలిపి మానాను, కలిపి తిన్నాను. వాటి సంగతీ అంతే.

ఇది కాక నిన్న ములుగులో పాత డిపో దోస్తు కొడుకు పెళ్లికి పోయాను. బగారా, మటన్, మళ్లీ వంకాయ, పెరుగు చట్నీ, డబుల్ కా మీఠా, ఆఖరున రెండు టీలు. నీ లిస్టులో ఉన్నదీ లేనిదీ ఒకే పూట లోడ్ చేశాను. ఇంటికొచ్చి చొక్కా విప్పకుండానే పడిపోయాను. పొద్దున చిలుకమ్మ గోడ మీద నుంచి "అన్నా, ఉన్నవా?" అని పిలిస్తే గాని లేవలేదు.

అంటే నా ఒంటికి పడనిది భూమ్మీద ఏదీ లేదు. నా కాళ్లకు ఏ జబ్బూ లేదు. ఇంకా ఎన్ని మానాలి, ఎన్ని తినాలి? ఇక వచ్చెయ్ రూతూ. ఉప్పు డబ్బా ఎక్కడుందో నాకు ఇప్పటికీ దొరకలేదు, పక్కింటి నుంచి తెచ్చుకుంటున్నాను.

ఇట్లు,
నీ సుందర్ రావు

తా.క.: ఫెవికాల్ వల్ల లాభం లేదు. కట్టయ్య బస్సులో నా కాళ్ల సంగతి ఇప్పుడు అందరికీ తెలుసు. కూరగాయల గంప తెచ్చే ఆమె ఆముదం రాయమంటుంది. వెనక సీటు ఆమె మెంతులు నానబెట్టి తాగమంటుంది. నా కాళ్ల వల్ల వాళ్లిద్దరికీ ఇప్పుడు మాటల్లేవు.

•

హనుమకొండ,
సెప్టెంబర్ 27

గౌరవనీయులైన సుందర్ రావు గారికి,

నమస్కారం.

మీ ట్రిప్ షీట్లన్నీ ముందు పెట్టుకుని, పాత అంగన్‌వాడీ రిజిస్టరు వెనక పేజీలో గీతలు కొట్టి పట్టిక వేశాను. నేను ఇంట్లో ఉన్నప్పుడు మీరు వంకాయ తిన్నారు, కాళ్లు కదిలాయి. నేను లేనప్పుడు వంకాయ తిన్నారు, కదలలేదు. ఎండు చేపలకూ అంతే, పెరుగుకూ అంతే. ఏ వరుస చూసినా వస్తువు అదే, మనిషి అదే, మంచం అదే. తేడా ఒక్కటే. అప్పుడు వండింది నేను.

స్వప్నను అడిగితే "మీరు వాడే నూనెనో, మసాలానో ఒకసారి చూద్దాం ఆంటీ" అని మెల్లగా అంది. ఆ పిల్ల మర్యాదస్తురాలు. నాకు అర్థమైంది.

నలభై ఏళ్లు, రోజుకు రెండు పూటలు. పెళ్లైన కొత్తలో నేను మొదటిసారి కోడికూర వండితే మీరు మూడుసార్లు వేయించుకుని "బాగుంది" అన్నారు. ఆ రాత్రే లేచి బయట తిరిగారు. నాకిప్పుడు గుర్తొస్తోంది. బాగాలేదని నోటితో చెప్పలేక నలభై ఏళ్లు కాళ్లతో చెప్పారు. ఒక్కసారి చెప్పి ఉంటే నేర్చుకునేదాన్ని కదండీ. నిన్న వంటింట్లో ఏడ్చాను. మౌనిక చూస్తే ఉల్లిగడ్డలన్నాను. అప్పుడు నేను పాలు కాస్తున్నాను.

కూడికకు వంట బయట చెప్పండి. నేను వండను, వండినా మీరు తినొద్దు. రావడం సంగతి తర్వాత చూద్దాం.

ఇట్లు,
మీ ఒంటికి పడని వంటమనిషి

తా.క.: అటక మీద నేను పెట్టిన మామిడికాయ పచ్చడి జాడీ ఉంది. దయచేసి ముట్టకండి. మీ ఆరోగ్యం కోసమే చెప్తున్నాను.

•

పరకాల,
సెప్టెంబర్ 29

ప్రియాతిప్రియమైన రూతుకు,

వందనాలు. అర్జెంటుగా రాస్తున్నాను. నీ ఉత్తరం అందిన రాత్రే నా కాళ్లు మళ్లీ మొదలయ్యాయి. మామూలుగా కాదు. కుడికాలు గోడను తన్నింది, ఎడమకాలు మంచినీళ్ల బిందెను తన్నింది. ఆ చప్పుడుకు నల్ల పెట్ట గుడ్ల మీద నుంచి లేచిపోయింది. బెడ్‌షీటు కాళ్ల వైపు జానెడు చిరిగింది. రుజువుగా ఆ ముక్క ఇందులో జతచేశాను.

నీ వంట వల్ల కాళ్లు కదిలాయన్నది పూర్తిగా తప్పు లెక్క. అసలు సంగతి నేను చెప్తాను విను. ట్యాంకులో డీజిల్ ఉన్నంతసేపు బండి నడిచినట్టు, నీ వంట బలం ఒంట్లో ఉన్నన్ని రోజులు నా కాళ్లు ఆగాయి. నాలుగు వారాలకు అది అయిపోయింది, కాళ్లు మొదలయ్యాయి. నీ చేతి వంట తింటే గాని ఇవి ఆగవు. ఇది నీ పట్టికలో రాసుకో.

ఆ కోడికూర నిజంగానే బాగుంది. నేను మూడుసార్లు వేయించుకున్నది మొహమాటానికి కాదు, ఆకలికీ కాదు. ఇప్పటికీ ఆ రుచి గుర్తుంది.

ఇట్లు,
నీ చేతి వంట తిని బతికిన సుందర్ రావు

తా.క.: పచ్చడి జాడీ గురించి ఫికర్ పడకు. నువ్వు పోయిన నాలుగో రోజే మొదలుపెట్టాను. రెండు వారాల కిందే అయిపోయింది.

•

హనుమకొండ,
అక్టోబర్ 2

సుందర్ రావు గారికి,

మీరు పంపిన బెడ్‌షీటు ముక్క అందింది. ముప్పై ఏళ్లు పిల్లలకు కాయితాలు, గుడ్డలు కత్తిరించి బొమ్మలు చేసి చూపించినదాన్ని. కత్తెరతో తెగిన అంచుకూ కాలితో చిరిగిన అంచుకూ తేడా నాకు తెలియదా? చిలుకమ్మ ఫోన్ తర్వాత వచ్చింది. "అన్న పొద్దుగాల పదకొండింటికి వరండల కూసొని కత్తెరతోని దుప్పటి కోస్తాండు వదినా, మనిషి మంచిగనే ఉన్నడా?" అంది.

అంటే కాళ్లు మళ్లీ మొదలవలేదు. సరే.

కానీ మీ తాజా కలం చదివి నేను ఆగిపోయాను. ఆ పచ్చడి నా చేతిదే. నూనె నాదే, కారం నాదే, మెంతిపిండి నాదే. అది జాడీ ఖాళీ అయ్యేదాకా తిన్నారు, ఆ రోజుల్లోనూ "కాళ్లు కదలలేదు" అనే రాశారు. అంటే నా వంట తప్పు కూడా కాదు. మొదట సంతోషపడ్డాను. మౌనికను పిలిచి చెప్పాను కూడా. పావుగంట తర్వాత పట్టిక మళ్లీ చూశాను. టీ కొట్టేశాను. వంకాయ, చేపలు, రొట్టె, పెరుగు కొట్టేశాను. నా వంట కొట్టేశాను. ఇక పేజీలో మిగిలింది నేనే.

మనిషికి మనిషే పడకపోవడం ఉంటుందా అని స్వప్నను అడిగాను. నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయింది. "మా పుస్తకాల్లో అయితే లేదు ఆంటీ" అంది.

ఒక్క ప్రశ్న అడుగుతాను. నేను పక్కన ఉంటే మీకు నిద్ర పట్టదా? అవునో కాదో ఒక్క ముక్క రాయండి. అవునంటే నేను ఇక్కడే ఉంటాను. నా వల్ల ఒక మనిషికి నలభై ఏళ్లు నిద్ర లేదంటే ఇక ఆ కూడికలో దేనికి కృతజ్ఞత చెప్పాలి?

ఇట్లు,
రూతు

తా.క.: అల్లుడు ట్రైనింగ్ కోసం వారం రోజులు హైదరాబాద్ పోయాడు. ఇన్ని రోజులూ హాల్లో దివాన్ మీద పడుకున్నాను. ఈ రాత్రి నుంచి మౌనిక గదిలో, మౌనిక పక్కన పడుకుంటాను. నా కూతురికైనా నేను పడతాననే అనుకుంటున్నాను.

•

పరకాల,
అక్టోబర్ 4

రూతూ,

నువ్వడిగిన ప్రశ్నకు జవాబు రాయలేను. ఎందుకని అడగొద్దు.

నిద్ర మాత్రం మస్తుగా పడుతోంది. పెళ్లైన తర్వాత ఇంత నిద్ర ఎప్పుడూ పోలేదు. కానీ లేచాక ఏం చేయాలో తోచడం లేదు. పొద్దున రెండు గ్లాసులు కడిగి పెట్టుకుంటున్నాను, తర్వాత ఒకటి మళ్లీ బోర్లిస్తున్నాను. నాకు ఈ నిద్ర వద్దు. నువ్వు వచ్చెయ్యి. కాళ్లు కదిలితే కదలనీ, బెడ్‌షీట్లు చిరిగితే చిరగనీ, కొత్తవి అర డజను తెచ్చి పెట్టాను.

ఇంతకంటే రాయడం నాకు చేతకాదు.

నీ
సుందర్ రావు

తా.క.: ఈసారి కవరు అంటించకుండానే కట్టయ్యకు ఇచ్చాను. వాడు నా మొహం చూసి, చదవకుండా తనే అంటించుకుని పోయాడు.

•

హనుమకొండ,
అక్టోబర్ 6

మౌనిక డాడీ గారికి,

ఈ ఉత్తరం కూర్చుని రాస్తున్నాను. జర కష్టంగానే ఉంది.

మూడో తారీఖు పొద్దున మౌనిక కుంటుకుంటూ వంటింట్లోకి వచ్చింది. ఏమైందే అంటే "ఏమైందా? రాత్రంత నన్ను తన్నినవ్ అమ్మా. అద్దనిమిషానికోసారి తన్నుడే. ఇగో చూడు" అని పిక్క చూపించింది, నీలంగా కమిలింది. నేను నమ్మలేదు. కల వచ్చి ఉంటుంది పొమ్మన్నాను. ఆ రాత్రి మౌనిక బెడ్‌లైటు వేసి, అల్మారా మీద ఫోన్ పెట్టి వీడియో తీసింది.

చూశాను. అవి నా కాళ్లే. రోలు పడి దెబ్బ తగిలిన ఎడమ బొటనవేలికి నేను కట్టుకున్న పచ్చ గుడ్డ కూడా కనిపిస్తోంది. మొహం చూస్తే హాయిగా నిద్రపోతున్నాను. కాళ్లు మాత్రం ఎక్కడికో పోతున్నాయి. ఇరవై రెండో నిమిషంలో బెడ్‌షీటు చిరిగిన చప్పుడు కూడా వచ్చింది.

స్వప్న నన్ను పెద్ద డాక్టర్ దగ్గరకు తీసుకుపోయింది. ఆయన "సాయంత్రం పూట కుదురుగా కూర్చోగలరా అమ్మా?" అని అడిగారు. నేను పనిమంతురాలిని సార్, కూర్చోను అన్నాను. ఆయన ఏదో రాసుకున్నారు. నలభై ఏళ్లుగా నేను పనితనం అనుకున్నది ఆ జబ్బు లక్షణమట. మౌనికే సూది గుచ్చి రక్తం తీసింది. ఒంట్లో ఐరన్ నిల్వ అడుగంటిందని వచ్చింది. కాళ్లు ఇట్లా చేయడానికి అది ఒక కారణం కావచ్చట. అన్నం తిన్న వెంటనే చిక్కటి టీ తాగితే తిండిలో ఉన్న ఐరన్ సరిగా ఒంటబట్టదని ఆయన నాకు చెప్పారు.

నాకు చెప్పారు! ముప్పై ఏళ్లు గర్భిణీలకు ఐరన్ గోళీలు పంచి రిజిస్టర్లో సంతకాలు తీసుకున్నదాన్ని. "అన్నంతో టీ తాగవద్దు" అని సెంటర్ గోడకు చార్టు అంటించింది నేనే. రోజూ మధ్యాహ్నం బువ్వ తిని, ఆ చార్టు కిందే నిలబడి టీ తాగాను.

గోళీలు రాశారు. మూడు నెలలకు మళ్లీ పరీక్ష. అన్నానికీ టీకీ మధ్య గంటన్నర ఎడం, సాయంత్రం టీ బంద్. పూర్తిగా తగ్గుతుందా అంటే చూద్దాం అన్నారు.

ఇప్పుడు మీ సంగతి. మీకు తెలుసు. మొదటి నుంచీ తెలుసు. నా కాళ్ల పేరు చెప్పకుండా వరండాలో తిరిగారు, చిలుకమ్మతో మాటపడ్డారు, వంకాయలు మానారు, దుప్పటి కోశారు. ఇల్లు విడిచి వస్తుంటే కూడా నోరు విప్పలేదు. ఎందుకు? జవాబు వచ్చాకే సంచి సర్దుతాను.

ఇట్లు,
రూతు (ఆ కాళ్లు నావి)

తా.క.: మౌనిక మధ్యలో దిండు అడ్డం పెట్టుకుని పడుకుంటోంది. నిన్న దిండు చిరిగి ఇల్లంతా దూది అయింది.

•

పరకాల,
అక్టోబర్ 8

నా రూతుకు,

వందనాలు. అడిగావు కాబట్టి చెప్తున్నాను. డిపోలో కూడా ఇంత పెద్ద ఎక్స్‌ప్లనేషన్ ఎప్పుడూ రాయలేదు.

మన పెళ్లైన నాలుగో రోజు. అప్పుడు మనది ఒకటే అర్ర, మధ్యలో చీర కట్టి అటు పక్క అమ్మ పడుకునేది. పొద్దున లేవగానే అమ్మ నన్ను పట్టుకుంది. "రాత్రంత కాళ్లు కొట్టుకున్నదెవలురా? కోడలేనా? కాళ్లు ఊపే ఆడిది ఉంటే ఇల్లు నిలువది. ధర్మసాగర్‌ల వాళ్ల అమ్మోళ్లింటికి తోలియ్యి" అంది. నువ్వు అప్పుడు పొయ్యి దగ్గర అటు తిరిగి రొట్టెలు చేస్తున్నావు. నీకు వినిపించిందో లేదో నాకు తెలియదు. ఇరవై ఒక్క ఏళ్ల పిల్లవు, కొత్త చీరకు పిండి అంటింది. నేను చూసి, "నేనే అమ్మా. బ్రేకులు తొక్కి తొక్కి కాళ్లు గుంజుతానయ్" అన్నాను. అప్పటికి నాకు డ్రైవర్ ఉద్యోగమే రాలేదు, లారీ మీద క్లీనర్‌ను. అమ్మకు ఆ తేడా తెలియదు.

ఒకసారి సంతకం పెట్టాక ట్రిప్ షీటు మార్చడానికి లేదు. అమ్మ ఇంకో ఇరవై రెండేళ్లు ఉంది. ముగ్గురు పాస్టర్లు మారారు, ముగ్గురూ నా కాళ్ల మీద చేతులుంచి ప్రార్థన చేశారు. నేను కళ్లు మూసుకుని నీ కాళ్లను తలుచుకునేవాణ్ణి. దేవునికి అడ్రసు తెలియకుండా ఉంటుందా అనుకున్నాను.

అమ్మ పోయాక చెబుదామనుకున్నాను. చెబితే నువ్వేం చేస్తావో నాకు తెలుసు. ఆయనకు నిద్ర పాడవుతోందని మరునాడే వేరే గదిలో వేరే మంచం వేసుకుంటావు. నాకు నిద్ర లేకపోయినా సరే గాని వేరే మంచం వద్దు. ఇప్పుడు కూడా వద్దు. అది ముందే రాసి సంతకం పెట్టి తీసుకురా.

నీకు రాసిన కాళ్ల సంగతిలో దుప్పటి ఉత్తరం తప్ప అబద్ధం లేదు. నొస్తున్నయ్ అన్నప్పుడు నిజంగానే నొచ్చాయి, కదలలేదు అన్నప్పుడు నిజంగానే కదలలేదు.

రేపు కట్టయ్య మొదటి బస్సుకు నేనే వస్తున్నాను. సంచి సర్ది ఉంచు. గోళీలు మర్చిపోకు. కూడిక రోజు భోజనాలు అయిన గంటన్నరకు టీ ఇవ్వమని వంటవాళ్లకు చెప్పాను. ఎందుకని అడిగితే టీచరమ్మ చార్టు అన్నాను. ఆముదం ఆమె, మెంతుల ఆమె ఇద్దరూ వస్తామన్నారు, ఒకే టేబుల్ మీద కూర్చోబెట్టకు.

ఇట్లు,
నలభై ఏళ్లుగా నీ పక్కన ఉన్న
సుందర్ రావు

తా.క.: మౌనిక తీసిన వీడియో తీసేయించకు. ఇన్నేళ్లలో ఆ కాళ్లు చేసే పనిని చీకట్లో తప్ప చూడలేదు. ఒక్కసారి వెలుతురులో చూడాలి.